తలుపు పైనుందా, కిందుందా?

ఇరవై రెండేళ్ళు డాలస్ చుట్టుపక్కల గరాజ్ తలుపులు బాగుచేసి రిటైరయ్యాను. ఈ మాట ఏ పుట్టినరోజు పార్టీలో చెప్పినా ఎదుటివాళ్ళ నుంచి వచ్చే ప్రశ్న ఒకటే. "అంటే, గరాజ్ డోర్లకి సాఫ్ట్‌వేర్ రాసేవారా అంకుల్?" కాదు నాయనా. నిచ్చెన ఎక్కి, చేతులకి గ్రీజు పూసుకుని స్ప్రింగులు మార్చేవాణ్ణి. ఈ జవాబు విన్నాక ఒక్క క్షణం ఇబ్బందిగా నవ్వుతారు. రెండో క్షణంలో అసలు సంగతి బయటికొస్తుంది. "మా డోర్ కూడా కిర్రుమంటోంది అంకుల్, ఏం చెయ్యాలో ఒకసారి ఫోన్‌లో చెప్తారా?"

ఆ ఫోన్ల గురించే రాయాలని కూర్చున్నాను. ఇది చదివే మీలో సగం మంది ఇక్కడే పుట్టిన పిల్లలు, మిగతా సగం మాస్టర్స్ చేసి, ఉద్యోగం దొరికి, మొన్న మొన్ననే ఇల్లు కొనుక్కున్నవాళ్ళు. మీ అందరి దగ్గరా నా నంబర్ ఉంది. ఎవరిచ్చారో నాకు తెలియదు. హైదరాబాద్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి, అక్క స్పాన్సర్ చేస్తే నలభై దాటాక వచ్చినవాణ్ణి. కోడ్ రాయడం రాదు, స్పానర్ పట్టడం వచ్చు. ఈ మొత్తం ప్రాంతంలో చేత్తో పనిచేసే తెలుగువాడు నేనొక్కణ్ణే అన్నట్టు అందరూ నా మీదే పడ్డారు.

ముందు మన గరాజ్ సంగతి కాస్త చెప్పుకోవాలి. అమెరికావాళ్ళ ఇంటికి వెళితే గరాజ్‌లో కారుంటుంది, గోడకి రెండు సైకిళ్ళు ఉంటాయి. మన ఇంటికి వెళితే అదే సింహద్వారం. అసలు సింహద్వారం గృహప్రవేశం రోజు ఒకసారి తెరుస్తారు, తర్వాత దాని వెనక సూట్‌కేసులు పేరుస్తారు. చెప్పులు గరాజ్‌లో, బియ్యం బస్తాలు గరాజ్‌లో, పచ్చళ్ళ జాడీలు గరాజ్‌లో. వీటన్నిటికీ తోడు రెండో పొయ్యి. చేపలు, రొయ్యలు, పోపులు, పిండివంటలు ఏవైనా సరే, ఇల్లంతా వాసన పట్టకూడదని అక్కడే. పొగ పోవాలి కదా, అందుకని తలుపు నడుమెత్తు దాకా లేపి వదిలేస్తారు. రోజుకి పదిహేనుసార్లు పైకీ కిందికీ. ఇన్ని వేలసార్లు అని లెక్కగట్టి తయారుచేసిన స్ప్రింగ్ అది. పక్కింటి అమెరికావాడికి పన్నెండేళ్ళు వస్తే మనకి నాలుగేళ్ళకే విరుగుతుంది. విరిగాక "చీప్ క్వాలిటీ అంకుల్" అంటారు.

ఆ స్ప్రింగ్ తలుపు పైన అడ్డంగా ఉంటుంది. తలుపు బరువంతా మోసేది అదే. చాలామంది మోటార్ మోస్తుందనుకుంటారు. మోటార్ ఊరికే అటూ ఇటూ నడిపిస్తుంది, అంతే. స్ప్రింగ్ విరిగిన మరుక్షణం ఇద్దరు మనుషులు కూడా తేలిగ్గా ఎత్తలేని ఇనుప తలుపు ఏ ఆసరా లేకుండా ఉన్నట్టు లెక్క. ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. మోటార్‌కి ఒక ఎర్ర తాడు వేలాడుతుంటుంది. కరెంటు పోయినప్పుడు చేత్తో తెరుచుకోవడానికి పెట్టారు. దాన్ని లాగితే తలుపుకీ మోటార్‌కీ సంబంధం తెగిపోతుంది. మూసి ఉన్న తలుపైతే ఏమీ కాదు. పైకి లేచి ఉన్న తలుపుకి స్ప్రింగ్ కూడా లేకపోతే ఏమవుతుందో మీరే ఆలోచించండి. నేను ఆ ఒక్క రోజు ఆలోచించలేదు.

మా కంపెనీలో నాతో జతగా పనిచేసే సీనియర్ మెక్సికో నుంచి వచ్చినాయన. ఎడమచేతి రెండు వేళ్ళకి చివరలు లేవు. కుర్రతనంలో స్ప్రింగ్‌ని సరైన కడ్డీలతో కాకుండా స్క్రూడ్రైవర్‌తో తిప్పబోయి పోగొట్టుకున్నాడు. నాకు పని నేర్పిన మొదటి రోజు ఆ చెయ్యి నా మొహం ముందు పెట్టి, "చూశావుగా, క్లాస్ అయిపోయింది" అన్నాడు. నాకొచ్చే తెలుగు ఫోన్లు ఆయనకి పరమ చిరాకు. నేను నిచ్చెన మీద నిలబడి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని సలహాలిస్తుంటే కింద నుంచి అరిచేవాడు. "నీకు ఆ డోర్ కనిపిస్తోందా? కనిపించనప్పుడు నోరు మూసుకో!" నేను నవ్వేసేవాణ్ణి. మనవాళ్ళు, కాదంటే బాగుండదు అనేవాణ్ణి. అసలు నిజం వేరే ఉంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్లు, డైరెక్టర్లు నన్ను అంకుల్ అంకుల్ అని బతిమాలుతుంటే లోపల బాగానే ఉండేది. విసుక్కుంటూనే ఫోన్ ఎత్తేవాణ్ణి.

ఆ శనివారం పొద్దున ఇర్వింగ్‌లో ఒక ఇంట్లో ఉన్నాం. పదిన్నర లోపలే ఆరు ఫోన్లు వచ్చాయి. ఒకాయన వీడియో చూసి స్ప్రింగ్ ఆర్డర్ పెట్టాడట, కొలత చూడకుండా. ఇంకొకావిడ వాళ్ళాయన నిచ్చెన మీద ఉన్నాడనీ, ఏ వైపు తిప్పాలో వెంటనే చెప్పమనీ అడిగింది. దింపెయ్యండమ్మా, కిందకి దింపెయ్యండి అని అరిచి పెట్టేశాను. అప్పటికే నా ఓపిక అడుగంటింది. ఏడో ఫోన్ కాపెల్ నుంచి. కుర్రవాడు తెలిసినవాడే, వాళ్ళ గృహప్రవేశానికి వెళ్ళి భోంచేసి వచ్చాను.

"అంకుల్, సారీ, బిజీగా ఉన్నారా? ఇందాక గరాజ్‌లో పెద్ద సౌండ్ వచ్చింది, గన్ షాట్ లాగా. పైన స్ప్రింగ్ రెండు ముక్కలైంది. బటన్ నొక్కితే మోటార్ మూలుగుతోంది, లైట్ బ్లింక్ అవుతోంది, డోర్ మాత్రం మూవ్ అవట్లేదు. కార్ లోపలుంది. నేను ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాలి, మా వైఫ్ ఫ్లైట్ ల్యాండ్ అయిపోతుంది."

"టాక్సీ బుక్ చేస్కోమను."

"ప్లీజ్ అంకుల్, టూ మినిట్స్. ఏం చెయ్యాలో చెప్పండి, నేను చేసేస్తాను."

ఇక్కడ ఆగి, నా పని నేనెలా చేశానో చూడండి. లైట్ మిణుకుమంటోంది అన్నాడు. ఆ లైట్ ఎప్పుడు మిణుకుమంటుందో మొదటి వారం ఉద్యోగానికి వచ్చినవాడికి కూడా తెలుసు. తలుపుకి రెండు వైపులా, నేలకి జానెడు ఎత్తులో రెండు చిన్న కళ్ళుంటాయి. తలుపు కిందకి దిగబోయే దారిలో ఏదైనా అడ్డముంటే ఆ కళ్ళు చూసి మోటార్‌ని ఆపేస్తాయి. అప్పుడే లైట్ మిణుకుమంటుంది. అంటే తలుపు పైకి లేచి ఉంది, దాని కింద ఏదో ఉంది, లేదా ఎవరో ఉన్నారు. అంతా వాడే చెప్పాడు. నేను వినలేదు. స్ప్రింగులు చాలావరకు తలుపు మూసి ఉన్నప్పుడే విరుగుతాయి, రోజూ వందమందికి చెప్పే జవాబు నోటి చివరే ఉంది, అదే వచ్చేసింది.

"మోటార్‌కి ఎర్ర తాడు ఉంటది చూడు. దాన్ని గట్టిగ కిందికి లాగు. తర్వాత పక్కింటాయన్ని పిలిచి ఇద్దరు కలిసి డోర్ లేపుండ్రి."

"ఎర్ర తాడా? అంకుల్, నిమ్మకాయలు కట్టింది అదేనా?"

కొత్త కారుకి పూజ చేశాక నిమ్మకాయలూ మిరపకాయలూ ఎక్కడ కట్టాలో తెలియక, సరిగ్గా కారు మీద వేలాడుతోంది కదా అని ఆ తాడుకే కట్టారట. ప్రమాదాలు రాకుండా. నాకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

"ఆ, అదే. దిష్టి తాడే లాగు."

"వన్ సెకండ్ అంకుల్, మీరు స్పీకర్‌లోనే ఉన్నారు, ఫోన్ ఇక్కడ పీట మీద పెడుతున్నా. రెండు చేతులూ కావాలి."

పీట అన్నాడు. అది కూడా విన్నాను, అది కూడా పోనిచ్చాను. అంతలో ఫోన్లోంచి చుంయ్‌మని పెద్ద చప్పుడు. కాగిన నూనెలో తడి ముక్క పడితే వచ్చే చప్పుడు. నాకు ముందు నోరూరింది, అబద్ధమెందుకు చెప్పాలి. తర్వాత చేతిలో కడ్డీ జారి కింద పడింది. నూనె చప్పుడు అంత దగ్గరగా వినిపిస్తోందంటే పొయ్యి గరాజ్‌లో ఉంది. పొయ్యి వెలుగుతోందంటే తలుపు మూసి లేదు.

"ఏం చప్పుడది?"

"మా అత్తయ్యగారు అంకుల్, చేప ముక్కలు వేస్తున్నారు." గొంతు దూరం నుంచి వచ్చింది, మోటార్ కింద ఉన్నాడు.

"ఎక్కడ? ఆమె ఎక్కడ కూసుంది?"

"డోర్ దగ్గరే, గాలి వస్తుందని..."

"లాగకు! చెయ్యి తియ్! ఆమెను లేవమను!"

ధడేల్‌మని ఒక్క చప్పుడు. ఫోన్ మూగబోయింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ మళ్ళీ చేశాను. రింగ్ కూడా అవడం లేదు. నా సీనియర్ మొహం చూసే ఏదో అయిందని పట్టేశాడు. నేను చెప్పిన రెండు ముక్కలకి నన్ను ఒక్క మాట అనలేదు. వీధి పేరు అడిగి అంబులెన్స్‌కి తనే ఫోన్ చేశాడు. "నువ్వు వెళ్ళు, ఇది నేను పూర్తిచేస్తాను" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని హైవే ఎక్కాక అనిపించింది.

ఇర్వింగ్ నుంచి కాపెల్ ఎంత దూరం, ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నా ఇరవై రెండేళ్ళ సర్వీసు కంటే పొడుగ్గా గడిచాయి. గృహప్రవేశం రోజు ఆవిడ్ని చూశాను. నర్సాపురం వైపు మనిషి, కూతురి దగ్గరికి ఆరు నెలలకి వచ్చింది. ముద్ద పప్పు, ఆవకాయ వేస్తూ, "మొహమాటపడకండి అన్నయ్యగారూ" అని రెండోసారి వడ్డించిన చెయ్యి గుర్తొచ్చింది. కింద కూర్చున్న మనిషికి తల మీదో, మెడ మీదో, వంగి ఉంటే వీపు మీదో. ఆ తలుపు అంచు ఎలా ఉంటుందో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే డ్రైవ్ చేశాను.

వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ఫైర్ ఇంజన్ కనిపించింది. అంబులెన్స్‌కి ఫోన్ చేసినా ఇక్కడ ముందొచ్చేది అదే. గరాజ్ తలుపు పూర్తిగా మూసుకుని ఉంది. సింహద్వారం బార్లా తెరిచి ఉంది, సూట్‌కేసులు గడ్డి మీదకి విసిరేసి ఉన్నాయి. మెట్ల మీద నలుగురు ఫైర్‌వాళ్ళు, వాళ్ళ మధ్య ఆవిడ. నిలబడి ఉంది. చేతిలో కరివేపాకు రెమ్మ ఉంది.

జరిగింది ఇదీ. ముక్కలు నూనెలో వేసి, చివర్లో వెయ్యడానికి కరివేపాకు తెచ్చుకోలేదని గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళిన పది అంగలకి వెనక తలుపు పడింది. ఆవిడ కూర్చున్న, ఊరి నుంచి తెచ్చుకున్న టేకు పీట, పక్కనున్న ఇంకో పీటా, దాని మీద పెట్టిన ఫోన్ తలుపు కింద పడ్డాయి. అల్లుడు మోటార్ వైపు తిరిగి తాడు పట్టుకుని ఉన్నాడు, ఆవిడ లేచిన సంగతే చూడలేదు. ఆ పీట రెండు ముక్కలవడం చూసి వాడు అక్కడే కూలబడ్డాడట. నేను వెళ్ళేసరికి సూట్‌కేసుల పక్కన గడ్డి మీద కూర్చుని ఉన్నాడు.

ఫైర్‌వాళ్ళలో పెద్దవాడు తలుపంతా చూసి వచ్చి, అంత గట్టిగానూ కాదు, నెమ్మదిగానూ కాదు, అడిగాడు. లేచి ఉన్న తలుపుకి ఆ తాడు లాగమని ఎవరు చెప్పారు?

కంపెనీ చొక్కా వేసుకుని నేను పక్కనే ఉన్నాను. కుర్రవాడు నా వంక చూశాడు. చూసి, "ఆన్‌లైన్‌లో ఒక వీడియో చూశాను" అన్నాడు. ఆయన తల అడ్డంగా ఊపి, వీడియోల్ని తిట్టి, నా చొక్కా చూసి, "ఇలాంటి పనులకి మీలాంటి వాళ్ళని పిలవాలి" అన్నాడు. నేను నోరు విప్పలేదు. పొద్దుట్నుంచీ ఏడుగురికి ఆగకుండా వాగిన నోరు, విప్పాల్సినప్పుడు విప్పలేదు.

వాళ్ళు వెళ్ళిపోయాక వ్యాన్ లోంచి సామాను దింపాను. వాడు టాక్సీలో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళాడు. ఆవిడా నేనూ మిగిలాం. బిల్డర్ ఆ పెద్ద తలుపుకి ఒకటే స్ప్రింగ్ వేశాడు, నేను రెండు వేశాను. ఒకటి విరిగినా రెండోది కాస్తయినా పట్టుకుంటుంది. తలుపుని కింద పట్టాలకి బిగించి, నిచ్చెన స్ప్రింగ్‌కి ఎదురుగా కాకుండా పక్కకి వేసి, రెండు కడ్డీలు పెట్టి పావు చుట్టు చొప్పున తిప్పడం మొదలుపెట్టాను. ఒక కడ్డీ పూర్తిగా దిగాక గానీ రెండోది తియ్యకూడదు. ఎన్నో చుట్టులో ఉన్నానో రెండుసార్లు మర్చిపోయాను. వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"పదిహేడండి."

వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెడుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. ముప్ఫై దాకా ఆవిడే లెక్కపెట్టింది, రెండో దానికి కూడా. అయ్యాక నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంటుంటే అప్పుడు అడిగింది.

"లాగమంది మీరే కదా అన్నయ్యగారూ? ఫోను నా పక్కనే ఉందండి, అంతా విన్నాను."

"అవునమ్మా. నేనే."

"తర్వాత అరిచారంటగా, మా అల్లుడు చెప్పాడు. అది నాకు వినపడలేదండి. అప్పటికే లోపలున్నాను."

ఆవిడ మోటార్ వైపు చెయ్యి చూపించింది.

"ఆ లైటు టిప్పుటిప్పు అంటావుంటే, నేను అడ్డం ఉన్నాననేమోనని రెండుసార్లు జరిగి కూర్చున్నానండి. దానికి కనపడ్డాను. మీరు ఒక్క మాట, తలుపు ఎక్కడుందని అడిగుంటే సరిపోయేది కదండీ."

తిట్టలేదు. చేప ముక్కలు మాడిపోయాయని మళ్ళీ వేయించి, తినేదాకా కదలనివ్వలేదు. ఏం తిన్నానో తెలియదు. వెళ్ళేటప్పుడు ఆ పీట సగం ముక్క అడిగి తీసుకున్నాను.

సోమవారం సీనియర్‌కి అంతా చెప్పాను. "మంచిది, ఇప్పుడు నీ క్లాస్ కూడా అయిపోయింది" అన్నాడు, వేళ్ళ చివరలు లేని ఆ చేత్తో నా భుజం తట్టి. కానీ అసలు విసుగు ఆ తర్వాత మొదలైంది. కుర్రవాడు కృతజ్ఞత పట్టలేక, అంకుల్ ఒక్క కేకతో మా అత్తయ్యగారిని కాపాడారని కమ్యూనిటీ గ్రూప్‌లో రాశాడు, నా ఫోన్ నంబర్‌తో సహా. దండాల బొమ్మలు రెండొందలు. ఫోన్లు రెట్టింపు. కాదురా బాబూ, తప్పు రాశావు అని నేను అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆవిడ్ని కాపాడింది కరివేపాకు. ప్రాణం మీదకి తెచ్చింది నేను.

కాబట్టి స్ప్రింగ్ విరిగితే మీరే మార్చుకోవచ్చా అని నన్ను అడక్కండి. కడ్డీలు కొనుక్కోవచ్చు, వీడియోలు చూడొచ్చు, అన్నీ చెయ్యొచ్చు. అది మార్చేది పనివాళ్ళు. మీ పని బటన్ ముట్టుకోకపోవడం, తాడు ముట్టుకోకపోవడం, అక్కణ్ణుంచి మనుషుల్ని తప్పించడం. ఇంతకంటే ఒక్క ముక్క కూడా ఫోన్‌లో చెప్పనని ఎంతమందికి చెప్పినా ఫోన్లు ఆగలేదు. పీట ముక్క మా గరాజ్‌లో ఫోన్ ఛార్జర్ పక్కనే పెట్టుకున్నాను. ఎవరి ఫోన్ వచ్చినా దాన్ని చూస్తూనే ఎత్తుతాను.

నిన్న కూడా ఒకటి వచ్చింది. క్యారీ నుంచట, ఎక్కడి నార్త్ కరోలినా, ఎక్కడి నేను. ఇక్కడే పుట్టిన పిల్ల, ముద్దు ముద్దుగా తెలుగు.

"హాయ్ అంకుల్, మా గరాజ్ స్ప్రింగ్ బ్రేక్ అయింది. ఎర్ర తాడు లాగాలి అంటున్నారు, లాగనా?"

"లాగకు. తలుపు పైనుందా, కిందుందా?"

"హాఫ్‌లో ఉంది అంకుల్."

"కింద ఎవరైనా ఉన్నరా?"

"నో, ఎవరూ లేరు. జస్ట్ అమ్మ, గారెలు వేస్తుంది."

పీట ముక్క మీద చెయ్యి వేశాను.

"నేను లైన్‌లోనే ఉంట బిడ్డా. తాడు వదిలిపెట్టు. ముందు అమ్మను లేవమను."